నీలం అంచు చూసి మోసపోకండి: స్మియర్ మీద రియాక్టివ్ లింఫోసైట్లను గుర్తుపట్టడం ఎలా

ఆగస్టు వచ్చిందంటే ల్యాబ్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి సీబీపీ (రక్తకణాల పూర్తి లెక్క) ట్యూబులు ర్యాక్‌లో బారులు తీరి ఉంటాయి. ప్రతి రెండో స్లిప్ మీదా "జ్వరం, 4 రోజులు" అనే ఉంటుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు పది నిమిషాలకోసారి లోపలికి తొంగిచూసి "ప్లేట్‌లెట్స్ ఎంతున్నాయండీ?" అని అడుగుతుంటారు. ఆ హడావుడిలో మెషీన్ ఒక ఫ్లాగ్ (హెచ్చరిక గుర్తు) కొడుతుంది. మీరు స్మియర్ (స్లైడ్ మీద పలచగా పరిచిన రక్తపు పొర) వేసి చూస్తారు. మామూలు లింఫోసైట్‌కి (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణానికి) రెండింతలున్న నీలపు సెల్ ఒకటి కళ్లకు అడ్డం పడుతుంది. ఇప్పుడు రిపోర్టులో ఏం రాయాలి?

చాలామంది "ఎటిపికల్ లింఫోసైట్లు ఉన్నాయి" అని రాసి తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోతారు. ఆ మాట చదివి ఒక డాక్టరు "వైరల్ ఫీవరేలే" అనుకుంటారు. ఇంకొకరు అదే మాట చదివి లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) ఏమోనని కంగారుపడతారు. ఒకే మాటకు రెండు అర్థాలుంటే తప్పు చదివినవాళ్లది కాదు, రాసిన మనదే.

ఈ విషయంలో నా చేతులూ కాలాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న ఊరి ల్యాబ్‌లో, హాస్టల్లో ఉండి చదువుకునే పందొమ్మిదేళ్ల అబ్బాయి స్మియర్ చూశాను. గొంతునొప్పి, మెడలో బిళ్లలు, టీసీ (తెల్లకణాల మొత్తం లెక్క) 18 వేలు. పెద్ద పెద్ద సెల్స్, ముదురు నీలం, కొన్నింట్లో న్యూక్లియోలస్ (న్యూక్లియస్ లోపలి చిన్న మచ్చ) కూడా. బ్లాస్ట్‌లు (లుకేమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో కనిపించే ఎదగని కణాలు) 20 శాతం అని రాసి ఇచ్చేశాను. తల్లిదండ్రులు రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని పిల్లాణ్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ బోన్ మ్యారో తీసేముందు ఒక సీనియర్ పాథాలజిస్ట్ నా స్లైడ్ అడిగి తెప్పించుకున్నారు. అది ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ (పొట్టిగా మోనో, వైరస్ వల్ల వచ్చే జ్వరం) అని తేలింది. తర్వాత ఫోన్ చేసి ఆయన తిట్టలేదు. "ఒక్క సెల్ దగ్గరే ఆగిపోయావమ్మా, పక్కనున్న పది సెల్స్ చూడలేదు" అన్నారు, అంతే. కింద రాసేదంతా ఆ ఒక్క మాటకు నేను చెప్పుకున్న వివరణ అనుకోండి.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఈ తప్పుకి వందేళ్ల చరిత్ర ఉందని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లుకేమియా అని పేరు పెట్టిన కొందరు కుర్రవాళ్లు ఏ మందూ లేకుండా వాళ్లంతట వాళ్లే కోలుకోవడం డాక్టర్లకు అంతుపట్టేది కాదు. 1920లో అమెరికాలో స్ప్రంట్, ఇవాన్స్ అనే ఇద్దరు ఇలాంటి ఆరుగురు రోగుల్ని గమనించి ఇది వేరే జబ్బని గుర్తించారు. ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనే పేరు వాళ్లు పెట్టిందే. 1923లో డౌనీ, మెకిన్లే ఆ సెల్స్‌ను మూడు రకాలుగా విడదీశారు. డౌనీ సెల్స్ అని మనం వైవాలో అప్పజెప్పేవి అవే.

ముందు పేరు సరిచేసుకోండి

ఇన్ఫెక్షన్ వల్లో, మందు వల్లో, టీకా వల్లో ఉలిక్కిపడి లేచి పని మొదలెట్టిన మామూలు లింఫోసైటే రియాక్టివ్ లింఫోసైట్. పని చేయాలంటే ప్రొటీన్లు తయారుచేయాలి, అందుకు ఆర్‌ఎన్‌ఏ పెరగాలి. ఆ ఆర్‌ఎన్‌ఏ స్టెయిన్‌లోని నీలాన్ని పట్టుకుంటుంది. సైటోప్లాజమ్ నీలంగా కనిపించడానికి కారణం ఇదే. అంటే నీలం "ఈ సెల్ పనిలో ఉంది" అని మాత్రమే చెబుతుంది. మంచి పనో చెడ్డ పనో చెప్పదు. బ్లాస్ట్ కూడా నీలంగానే ఉంటుంది.

రక్తపరీక్షల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐసీఎస్‌హెచ్ 2015లో ఈ పేర్ల గొడవకు ఒక దారి చూపించింది. ఇన్ఫెక్షన్ లాంటి కారణంతో మారినవైతే రియాక్టివ్ లింఫోసైట్లు అనండి, క్యాన్సర్ అనుమానం ఉంటే అబ్‌నార్మల్ లింఫోసైట్లు అని రాసి అవి ఎలా ఉన్నాయో వర్ణించండి అని దాని సారాంశం. మీ ల్యాబ్‌లో ఎటిపికల్ అనే మాట అలవాటైపోయి ఉంటే ఒక్కసారిగా మానడం కష్టమే. కనీసం ఆ మాట వెనకాల ఏ అర్థంలో వాడారో ఇంకో వాక్యం రాయండి.

స్మియర్ బాగుంటేనే మాట్లాడండి

ఇక్కడ సగం తప్పులు మైక్రోస్కోప్ ముందు కూర్చోకముందే జరిగిపోతాయి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబులో రక్తం గంటల తరబడి నిలవ ఉంటే లింఫోసైట్ న్యూక్లియస్ మడతలు పడుతుంది, సైటోప్లాజమ్‌లో బుడగల్లా వాక్యూల్స్ వస్తాయి. అచ్చం రియాక్టివ్ సెల్‌లాగే కనిపిస్తుంది. మండల కేంద్రంలో పొద్దున ఎనిమిదింటికి తీసి, సాయంత్రం నాలుగింటికి మీ దగ్గరికి చేరిన సాంపిల్ మీద ఇలాంటి తీర్పులు ఇవ్వకండి. రక్తం తీసిన రెండు గంటల్లోపు స్మియర్ వేయడం మంచిది, నాలుగు గంటలు దాటనివ్వకండి. కలెక్షన్ సెంటర్‌లోనే ఒక స్లైడ్ లాగి, ఆరబెట్టి, ట్యూబుతోపాటు పంపమని చెప్పండి. పెద్ద ఖర్చేం కాదు.

స్మియర్ వేసేటప్పుడు చుక్క చిన్నదిగా ఉండాలి, స్ప్రెడర్ 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఉండాలి, చెయ్యి మధ్యలో ఆగకూడదు. వెంటనే ఆరబెట్టాలి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మెల్లగా ఆరిన స్మియర్‌లో సెల్స్ ముడుచుకుపోతాయి. ఫ్యాన్ కింద పెట్టండి, మంట దగ్గర మాత్రం పెట్టకండి.

మన దగ్గర ఎక్కువగా వాడేది లీష్‌మన్ స్టెయినే. స్టెయిన్ పోసి రెండు నిమిషాలు, దానిమీద రెండింతలు 6.8 పీహెచ్ బఫర్ కలిపి ఏడు నుంచి పది నిమిషాలు. తర్వాత స్లైడ్ వంచి పారబోయకుండా, నీటిధారతో పైనుంచి తేలేటట్టు కడగాలి. వంచితే పైన తేలే తెట్టు స్మియర్ మీద కూర్చుంటుంది. బఫర్ బదులు బోరు నీళ్లు కలిపే ల్యాబులు నేను చూశాను. ఆ నీళ్లు క్షారగుణంతో ఉంటే స్లైడంతా నీలం తిరుగుతుంది, అప్పుడు ప్రతి లింఫోసైటూ రియాక్టివే. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ముందు ఆర్‌బీసీలను (ఎర్రకణాలను) చూడండి. అవి గులాబీ రంగులో ఉంటే స్టెయిన్‌ను నమ్మండి. అవే బూడిదరంగులోనో నీలంగానో ఉంటే లింఫోసైట్ల గురించి నోరెత్తకుండా ఇంకో స్లైడ్ వేయండి.

ఎక్కడ చూడాలి

స్లైడ్ పెట్టగానే 100ఎక్స్‌కి దూకే అలవాటు మానండి. ముందు 10ఎక్స్‌లో మొత్తం ఒకసారి తిరిగి రండి. తోకలోనూ అంచుల్లోనూ పెద్ద సెల్స్ పోగుపడతాయి. ప్లేట్‌లెట్ గడ్డలు కూడా అక్కడే దొరుకుతాయి. ఆ గడ్డలు చూడకుండా "ప్లేట్‌లెట్స్ 40 వేలు" అని చెప్పి ఇంటిల్లిపాదినీ ఏడిపించిన కథలు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటాయి.

సెల్స్‌ను పోల్చి చూడాల్సిన చోటు మాత్రం ఆర్‌బీసీలు ఒకదానికొకటి తాకీ తాకకుండా పరుచుకున్న ప్రదేశం. మందంగా ఉన్నచోట రియాక్టివ్ సెల్ కూడా ముడుచుకుని చిన్న లింఫోసైట్‌లా కనిపిస్తుంది. బాగా పలచటి తోకలో మామూలు లింఫోసైట్ కూడా చదునై పెద్దదై రియాక్టివ్‌లా కనిపిస్తుంది. ఒకే సెల్‌కి చోటును బట్టి రెండు వేషాలు. కాబట్టి తోకలో కనిపించిన పెద్ద సెల్‌ని చూసి మనసులో అనుకోండి, కానీ అదే రకం సెల్ సరైన చోట కూడా దొరికాకే కాగితం మీద పెట్టండి.

కొలబద్ద మీ కళ్లముందే ఉంది

మామూలు చిన్న లింఫోసైట్ న్యూక్లియస్ దాదాపు ఒక ఆర్‌బీసీ అంత ఉంటుంది, అంటే ఏడెనిమిది మైక్రాన్లు. చుట్టూ సైటోప్లాజమ్ సన్నటి గీతలా ఉంటుంది. క్రోమాటిన్ (న్యూక్లియస్‌లో రంగు పట్టే డీఎన్‌ఏ పదార్థం) గట్టిగా, ముద్దలు ముద్దలుగా, ముదురు ఊదారంగులో ఉంటుంది. పెద్ద లింఫోసైట్లలో సైటోప్లాజమ్ లేత ఆకాశనీలంగా, కాస్త ఎక్కువగా ఉంటుంది. కొన్నింట్లో నాలుగైదు ఎర్రటి గింజలు కనిపిస్తాయి. అవి లార్జ్ గ్రాన్యులర్ లింఫోసైట్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లింఫోసైట్లలో పది పదిహేను శాతం అవే. వాటిని చూసి రియాక్టివ్ అని రాయకండి.

పసిపిల్లల స్మియర్ అయితే ఇంకా నిదానం కావాలి. నాలుగైదేళ్లు వచ్చేదాకా వాళ్లకు న్యూట్రోఫిల్స్ కంటే లింఫోసైట్లే ఎక్కువ, పైగా వాటిలో చిన్నాపెద్దా తేడాలు సహజం. పెద్దవాళ్ల స్మియర్లు చూసి చూసి అలవాటైన కళ్లతో ఏడాది పిల్లాడి స్లైడ్ చూస్తే అన్నీ అనుమానంగానే ఉంటాయి.

ఒక సెల్‌ని ఏ వరుసలో చదవాలి

కన్ను ముందు రంగు మీదికి పోతుంది. దాన్ని పట్టి వెనక్కి లాగండి. నేను వాడే వరుస ఇది: మొదట క్రోమాటిన్, తర్వాత న్యూక్లియోలస్, ఆ తర్వాత న్యూక్లియస్ ఆకారం, చివర్లోనే సైటోప్లాజమ్, దాని అంచు.

ఒక సెల్ తీసుకుని చూద్దాం. డెంగ్యూ ఐదో రోజు స్మియర్, 100ఎక్స్ ఆయిల్. సెల్ అడ్డంగా రెండు ఆర్‌బీసీల కంటే కాస్త ఎక్కువ వెడల్పు ఉంది. న్యూక్లియస్ గుండ్రంగా లేదు, ఒక పక్క నొక్కినట్టుంది, మధ్యలో కాకుండా ఓ పక్కకు జరిగి ఉంది. ఫైన్ ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పండి. క్రోమాటిన్‌లో ముదురు ముద్దలు, వాటి మధ్య లేత సందులు కనిపిస్తున్నాయి. ఉప్మా సరిగా కలపకపోతే కట్టే ఉండల్లాగా. ఈ ముద్దలే మీకు ధైర్యం. ఇది ఎదిగిన సెల్ అని చెప్పేది అవే. న్యూక్లియోలస్ ఉందేమోనని చూస్తే లేతగా ఒక మచ్చ అనిపిస్తుంది కానీ చుట్టూ స్పష్టమైన గీత లేదు. ఇక సైటోప్లాజమ్‌కి రండి. బోలెడంత ఉంది. న్యూక్లియస్ దగ్గర లేతగా, బయటికి పోయేకొద్దీ ముదురుగా మారింది. పెనం మీద దోసె నడుమ తెల్లగా ఉండి అంచు ఎర్రబడ్డట్టు, ఇక్కడ అంచు నీలపడింది. ఎడమ పక్క మూడు ఆర్‌బీసీలు దానికి ఆనుకుని ఉన్నాయి. సైటోప్లాజమ్ వాటిని తోసెయ్యకుండా, వాటి మధ్య సందుల్లోకి పిండి జారినట్టు జారి, వాటి వంపుకు తగ్గట్టు ఒదిగిపోయింది.

ఈ ఒదిగిపోవడం అన్ని పుస్తకాల్లోనూ బొమ్మతో సహా ఉంటుంది. అందుకే అందరూ దీన్నే వెతుకుతారు. మంచి గుర్తే, కానీ ఒంటరిగా నమ్మదగింది కాదు. పలచటి సైటోప్లాజమ్ ఎక్కువగా ఉన్న ఏ సెల్ అయినా ఆర్‌బీసీల మధ్య అలా ఒదగగలదు, కొన్ని బ్లాస్ట్‌లతో సహా. ముద్దల క్రోమాటిన్, దోసె అంచు, ఒదిగిన ఆకారం మూడూ కలిసి వస్తే అప్పుడు ధైర్యంగా రియాక్టివ్ అనొచ్చు.

రియాక్టివ్ సెల్స్ అన్నీ ఇలాగే ఉండవు. కొన్ని చిన్నగా, పక్కకు జరిగిన న్యూక్లియస్‌తో, ముదురు నీలంతో, న్యూక్లియస్ పక్కన ఒక తెల్లటి చోటుతో ఉంటాయి. అవి ప్లాస్మా సెల్‌గా మారే దారిలో ఉన్నవి, ప్లాస్మాసైటాయిడ్ అంటాం. డెంగ్యూలో ఇవి బాగా కనిపిస్తాయి. డౌనీ మొదటి రకంలో న్యూక్లియస్ మడతపడి, సైటోప్లాజమ్ నురగనురగగా మోనోసైట్‌ను తలపిస్తుంది. రెండో రకం ఇప్పుడు మనం చూసిన దోసె సెల్, మోనోలో ఎక్కువగా దొరికేది. మూడో రకమే ప్రమాదకరం. పెద్ద గుండ్రటి న్యూక్లియస్, క్రోమాటిన్ మిగతావాటికంటే మెత్తన, న్యూక్లియోలస్ స్పష్టం, సైటోప్లాజమ్ ముదురు నీలం. నన్ను ముంచింది ఇదే. ఈ మూడు రకాల పేర్లు రిపోర్టులో రాయనక్కర్లేదు, డాక్టరుకి వాటితో పనిలేదు. మూడో రకం అని ఒకటుందని మీకు తెలిస్తే చాలు.

ఇప్పుడు గుంపును చూడండి

అసలు తీర్పు ఇక్కడ. వంద సెల్స్ లెక్కపెట్టే ముందు ఓ ఇరవై ఫీల్డులు ఊరికే తిరగండి, కౌంటర్ ముట్టుకోకుండా.

రియాక్టివ్ స్మియర్ వారపు సంత లాంటిది. పెద్దవీ చిన్నవీ, నీలంవీ లేతవీ, మడతపడినవీ గుండ్రటివీ, గింజలున్నవీ లేనివీ అన్నీ కలిసి ఉంటాయి. ఆ మూడో రకం బ్లాస్ట్‌లాంటి సెల్ ఒకటి కనిపించినా, దాని చుట్టూ దానికీ మామూలు లింఫోసైట్‌కీ మధ్యలో ఉండే అంచెలన్నీ కనిపిస్తాయి. క్లోనల్ జబ్బు (ఒకే సెల్ నుంచి పుట్టిన క్యాన్సర్) అయితే బడి ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉంటుంది. ఒకే యూనిఫాం. ఒక సెల్‌ని చూస్తే వందా చూసినట్టే. ఆ హాస్టల్ అబ్బాయి స్లైడ్ మళ్లీ తెప్పించుకుని చూసినప్పుడు నాకు సిగ్గేసింది. నేను బ్లాస్ట్ అనుకున్న ప్రతి సెల్ పక్కనా నాలుగైదు రకాల లింఫోసైట్లున్నాయి. సంత మధ్యలో నిలబడి ఒక్క మనిషినే చూశాను.

ఈ నియమం కూడా నూటికి నూరుపాళ్లు కాదు. కోరింత దగ్గులో పసిపిల్లల టీసీ విపరీతంగా పెరిగి, చిన్న చిన్న లింఫోసైట్లు న్యూక్లియస్ మధ్యలో గాటు పెట్టినట్టు ఒకే పోలికతో కనిపిస్తాయి. యూనిఫాం ఉంది కానీ జబ్బు బ్యాక్టీరియాది. మరోపక్క లుకేమియా ఉన్న పిల్లాడికి అదే సమయంలో వైరల్ జ్వరం కూడా ఉండొచ్చు.

ఇరుగుపొరుగు ఏమంటున్నాయి

లింఫోసైట్ ఒంటరిగా సాక్ష్యం చెప్పదు. పక్కన ఎవరున్నారో చూడండి.

డెంగ్యూలో సాధారణంగా ముందు టీసీ పడిపోతుంది, ఆ తర్వాత ప్లేట్‌లెట్స్ తగ్గుతాయి. జ్వరం వచ్చిన ఒకటీ రెండు రోజుల్లో రియాక్టివ్ సెల్స్ పెద్దగా దొరకవు. నాలుగైదో రోజు నుంచి బాగా కనిపిస్తాయి. కోలుకునేటప్పుడు ముందు టీసీ లేస్తుంది, ప్లేట్‌లెట్స్ దాని వెనక వస్తాయి. అందుకే స్లిప్ మీద జ్వరం ఎన్నో రోజో రాయమని అడగండి. హిమోగ్లోబిన్, పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) ఇక్కడ చాలా విలువైనవి. డెంగ్యూలో ప్లాస్మా నాళాల్లోంచి కారిపోతే పీసీవీ పెరుగుతుంది. అదే ఎనిమిదేళ్ల పాప, జ్వరం, ప్లేట్‌లెట్స్ 30 వేలు, టీసీ 2,800, కానీ హిమోగ్లోబిన్ 6.5 అయితే? అప్పుడు డెంగ్యూ సీజన్ అన్న సంగతి పక్కనపెట్టి, తోకలోనూ అంచుల్లోనూ బ్లాస్ట్‌ల కోసం ఓపిగ్గా వెతకండి. టీసీ తక్కువగా ఉన్నప్పుడు బ్లాస్ట్‌లు దాక్కుంటాయి. సీజన్ మనల్ని గుడ్డివాళ్లను చేసేది సరిగ్గా ఇలాంటి సాంపిల్ దగ్గరే.

మోనోలో టీసీ సాధారణంగా పెరుగుతుంది. లింఫోసైట్లు 50 శాతం దాటి, వంద డబ్ల్యూబీసీల్లో (తెల్లకణాల్లో) రియాక్టివ్‌వి పదికి తగ్గకుండా ఉండటం దాని పాత లక్షణం. కొందరిలో ఆర్‌బీసీలు చల్లదనానికి గుంపులు కడతాయి. ఈసినోఫిల్స్ కూడా పెరిగి, ఒంటిమీద దద్దుర్లు ఉన్నాయని స్లిప్‌లో ఉంటే మందుల గురించి అడగమని డాక్టరుకు చెప్పండి. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, కుష్ఠుకి వాడే డాప్సోన్ ఇలాంటి చిత్రం తెప్పించగలవు. టైఫాయిడ్‌లో ఈసినోఫిల్స్ మాయమవుతాయి, లింఫోసైట్ల శాతం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ నీలపు సెల్స్ అంత సందడి చేయవు. సైటోమెగాలో వైరస్, హెపటైటిస్ వైరస్‌లు, టాక్సోప్లాస్మా, హెచ్ఐవీ సోకిన తొలి వారాలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. స్మియర్ చూసి వీటిలో ఏదని చెప్పలేం, చెప్పకూడదు కూడా.

ఇంకో మాట. నీలపు సెల్ దొరికిన ఆనందంలో ఆర్‌బీసీల లోపల చూడటం మర్చిపోకండి. మలేరియా ఉన్నవాళ్లకూ రియాక్టివ్ లింఫోసైట్లు వస్తాయి.

పోలికతో మోసం చేసేవి

మోనోసైట్‌తో గందరగోళం రోజూ ఉండేదే. మోనోసైట్ సైటోప్లాజమ్ నీలానికి బూడిద కలిపినట్టుంటుంది, అంతటా ఒకే రంగు, సన్నటి దుమ్ములాంటి గింజలు. న్యూక్లియస్ క్రోమాటిన్ అల్లికలా వదులుగా ఉంటుంది, ముద్దలుండవు. అంచు మాత్రమే ముదురైతే లింఫోసైట్ వైపు మొగ్గండి. మెషీన్‌కి కూడా ఈ తేడా తెలీదు. తెల్లకణాలను మూడు గుంపులుగా మాత్రమే విడదీసే త్రీ పార్ట్ మెషీన్‌లో రియాక్టివ్ సెల్స్ చాలావరకు మిడ్ సెల్స్‌లో (మధ్య సైజు గుంపులో) పడతాయి. మిడ్ శాతం అనుకోకుండా ఎక్కువగా ఉంటే స్మియర్ వేయకుండా రిపోర్ట్ వదలకండి.

బ్లాస్ట్ క్రోమాటిన్ జల్లెడ పట్టిన మైదాలా సన్నగా, సమంగా ఉంటుంది. న్యూక్లియస్ సెల్‌ని దాదాపు నింపేస్తుంది. న్యూక్లియోలస్ చుట్టూ గీత గీసినట్టుంటుంది. అనుమానం వస్తే అదే ఫీల్డులో ఉన్న మామూలు లింఫోసైట్ పక్కన పెట్టి క్రోమాటిన్ పోల్చండి. జ్ఞాపకంతో పోల్చకండి, కళ్లతో పోల్చండి.

అరవై దాటిన మనిషి, జ్వరం లేదు, లింఫోసైట్లు ఎక్కువ, అన్నీ చిన్నవి, క్రోమాటిన్ ఎండకు బీటలు తీసిన నల్లరేగడి నేలలా, మధ్యమధ్యలో నలిగి చెదిరిన స్మడ్జ్ సెల్స్. ఇది సీఎల్ఎల్ (లింఫోసైట్ల దీర్ఘకాలిక లుకేమియా) వైపు చూపే చిత్రం. స్మడ్జ్ సెల్స్ మరీ ఎక్కువై లెక్క కుదరకపోతే నాలుగైదు చుక్కల రక్తానికి 22 శాతం బోవైన్ ఆల్బుమిన్ ఒక చుక్క కలిపి స్మియర్ వేయండి, సెల్స్ నలక్కుండా నిలబడతాయి. లింఫోమా సెల్స్‌లో న్యూక్లియస్‌కి లోతైన గాటు, చుట్టూ వెంట్రుకల్లాంటి అంచు, మెదడు మడతల్లాంటి న్యూక్లియస్, పువ్వు రేకుల్లా విడిన న్యూక్లియస్ ఇలా రకరకాలున్నాయి. వీటిలో ఏదో తేల్చడం స్మియర్ పని కాదు, ఫ్లో సైటోమెట్రీ (సెల్స్ మీది గుర్తులను లేజర్‌తో చదివే పరీక్ష) పని. మీ పని వాటిని రియాక్టివ్ అని కొట్టిపారేయకుండా ఆపడం.

లెక్క, రిపోర్టు

డీసీలో (తెల్లకణాల రకాలవారీ లెక్కలో) రియాక్టివ్ సెల్స్‌ను లింఫోసైట్లలోనే కలిపి, వంద డబ్ల్యూబీసీల్లో అవి ఎన్నో విడిగా కామెంట్‌లో రాయండి. వేరే పద్ధతి పాటిస్తున్నా ఫర్వాలేదు, కానీ ల్యాబ్‌లో అందరూ ఒకటే పాటించాలి.

శాతంతో ఆగకండి. టీసీ 3,200, లింఫోసైట్లు 58 శాతం అనుకుందాం. చూడగానే లింఫోసైట్లు పెరిగాయనిపిస్తుంది. గుణిస్తే 1,856. పెద్దవాళ్లకు అది మామూలే. పెరిగినవి లింఫోసైట్లు కావు, తగ్గినవి న్యూట్రోఫిల్స్.

వంద సెల్స్ లెక్క మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. వందలో ఐదు రియాక్టివ్ సెల్స్ వస్తే, అసలు సంఖ్య ఒకటి నుంచి పన్నెండు మధ్య ఎక్కడైనా ఉండొచ్చని గణితం చెబుతుంది. నిన్న 5, ఇవాళ 9 అని "పెరుగుతున్నాయి" అనేస్తే తప్పు. తీర్పు ఆ అంకె మీద ఆధారపడి ఉంటే రెండు వందలు లెక్కపెట్టండి. ఒకటీ రెండూ కనిపిస్తే అసలు రాయకపోయినా నష్టం లేదు, ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి.

కామెంట్ ఇలా ఉంటే చాలు: "వంద డబ్ల్యూబీసీల్లో 14 రియాక్టివ్ లింఫోసైట్లు, పరిమాణంలోనూ ఆకారంలోనూ వైవిధ్యం ఉంది, కొన్ని ప్లాస్మాసైటాయిడ్. బ్లాస్ట్‌లు కనిపించలేదు. ప్లేట్‌లెట్స్ స్మియర్ మీద కూడా తక్కువ, గడ్డలు లేవు. మలేరియా పరాన్నజీవులు కనిపించలేదు." డెంగ్యూ అనే మాట ఇందులో లేదని గమనించారా? దాన్ని ఎన్ఎస్1, ఐజీఎం పరీక్షలు చెబుతాయి.

అనుమానం ఉంటే "అబ్‌నార్మల్ లింఫోసైట్లు" అని రాసి, కళ్లకు కనిపించినది వర్ణించి, రిపోర్ట్ ప్రింట్ కొట్టేముందు పాథాలజిస్టుకి ఫోన్ చేయండి. రాత్రి పదైనా చేయండి. ఎదురుగా రోగి బంధువులు నిలబడి ఉంటే టెన్షన్‌లో నోరు జారుతుంది. "డాక్టరుగారు ఒకసారి చూస్తారు, అరగంట ఆగండి" అంటే సరిపోతుంది.

రియాక్టివ్ అని రాసిన స్లైడ్ మీద పేరు, తేదీ పెన్సిల్‌తో రాసి డబ్బాలో దాచండి. జ్వరం తగ్గాక రెండు మూడు వారాలకు మళ్లీ సీబీపీ చేయించమని డాక్టరుకు సూచించండి. ఆ రోజు పాత స్లైడ్ తీసి కొత్తదాని పక్కన పెట్టి చూడండి. సంత చెదిరిపోయి ఉండాలి. అవే సెల్స్, అదే పోలికతో ఇంకా కూర్చుని ఉంటే రెండు స్లైడ్లూ పట్టుకుని పాథాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.